66 కిలోల రజతం, 78 కిలోల కాంస్యం: ఇటలీ జూడో చాంపియన్‌పై పాఠకుల ప్రశ్నలు

ఇటలీ జూడో క్రీడాకారిణి ఎమనుయేలా పియెరాంతోట్సి గురించి, ఆమె మారిన బరువు విభాగాల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. బరువు తగ్గించడం, పెంచడం మీద అడిగిన రెండు ప్రశ్నలకు ఎక్కువ చోటు కేటాయించాం. అవి ఆడపిల్లల ఆరోగ్యానికి సంబంధించినవి.

ప్రశ్న: పోటీ పరీక్షల కోసం ఒలింపిక్ పతకాల నోట్సు రాసుకుంటున్నాను. పియెరాంతోట్సి పేరు 1992లో 66 కిలోల దగ్గర, 2000లో 78 కిలోల దగ్గర కనిపించింది. రెండింట్లో ఒకటి అచ్చుతప్పా? ఆమె అసలు పతకాలేమిటి?
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: అచ్చుతప్పు కాదు, రెండూ సరైనవే. పియెరాంతోట్సి 1968 ఆగస్టు 22న బొలోన్యాలో పుట్టారు. 1989లో బెల్‌గ్రేడ్‌లో, 1991లో బార్సిలోనాలో 66 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. ప్రపంచ పోటీలు అప్పట్లో రెండేళ్లకోసారి జరిగేవి. అంటే ఆమె వరసగా రెండు పోటీల్లోనూ స్వర్ణం గెలిచారన్నమాట. ఇప్పటిలా దాదాపు ఏటా అవకాశం దొరికే రోజులు కావవి.

మహిళల జూడో 1988 సియోల్‌లో ప్రదర్శన క్రీడగానే ఉండేది. పతకాల క్రీడ అయింది 1992 బార్సిలోనాలో. అంతకు ఏడాది ముందు ప్రపంచ స్వర్ణం గెలిచిన ఊళ్లోనే ఆమె ఒలింపిక్ ఫైనల్ ఆడారు. క్యూబాకు చెందిన ఒదాలిస్ రెవే చేతిలో ఓడి రజతం అందుకున్నారు. ఇటలీ మహిళల జూడోకు అదే మొదటి ఒలింపిక్ పతకం. ఆ తర్వాత 8 ఏళ్లకు, సిడ్నీలో 78 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. అప్పటికి ఆమెకు 32 ఏళ్లు. ఆ విభాగంలో చైనాకు చెందిన టాంగ్ లిన్ స్వర్ణం, ఫ్రాన్స్‌కు చెందిన సెలిన్ లెబ్రూన్ రజతం గెలవగా, రెండో కాంస్యం రొమేనియాకు చెందిన సిమోనా రిక్టర్‌కు దక్కింది. పోటీల నుంచి తప్పుకున్నాక పియెరాంతోట్సి జెనోవా విశ్వవిద్యాలయంలో క్రీడాశాస్త్రం వైపు వెళ్లారు.

మీ నోట్సులో ఇంకొకటి చేర్చుకోండి. 1998లో అంతర్జాతీయ సమాఖ్య ఏడు మహిళల విభాగాల్లో ఐదింటిని మార్చేసింది. అంతకుముందు 48, 52, 56, 61, 66, 72, ఆపైన 72కు మించి. తర్వాత 48, 52, 57, 63, 70, 78, ఆపైన 78కి మించి. కాబట్టి సిడ్నీ నాటికి 66 కిలోల విభాగమే లేదు. ఇటలీకి చెందిన ఇలేనియా స్కాపిన్ పేరు పక్కన కూడా ఇలాంటి తేడానే కనిపిస్తుంది. 1996 అట్లాంటాలో 72 కిలోల కాంస్యం, 2000 సిడ్నీలో 70 కిలోల కాంస్యం. ఒలింపిక్స్‌లో ఒక విభాగానికి ఒక దేశం నుంచి ఒక్కరికే చోటు. 70లో స్కాపిన్ ఉన్నప్పుడు ఇద్దరూ సిడ్నీ మ్యాట్ ఎక్కాలంటే వేర్వేరు విభాగాల్లో ఉండటమే దారి. ఇద్దరూ ఎక్కారు, ఇద్దరూ పతకంతో దిగారు.

మమ్మల్ని అడిగితే, ఆమె పతకాల్లో అన్నిటికన్నా గొప్పది ఆ సిడ్నీ కాంస్యమే. 66లో ప్రపంచాన్ని గెలిచిన మనిషి 12 కిలోల పై విభాగంలోకి వెళ్లి, తనకన్నా సహజంగానే పెద్ద శరీరాలున్న వాళ్లతో తలపడి, 32 ఏళ్ల వయసులో పోడియం ఎక్కడం స్వర్ణం కన్నా తక్కువ పనేమీ కాదు.

ప్రశ్న: 1992 నాటి పాత బౌట్ల వీడియోలు చూస్తున్నాం. స్కోరు బోర్డు మీద నాలుగు గడులు ఉన్నాయి. ఇద్దరూ తెల్ల డ్రెస్సే వేసుకున్నారు. కాళ్లు పట్టుకుని పడేస్తుంటే రిఫరీ ఏమీ అనడం లేదు. చివర్లో జెండాలు ఎత్తుతున్నారు. ఇదంతా ఏమిటి?
— జూడో క్లబ్ పిల్లలు, విశాఖపట్నం

జవాబు: ఆ నాలుగు గడులు పెద్ద స్కోరు నుంచి చిన్నదాకా వరసగా ఇప్పాన్ (ఇది పడితే బౌట్ అక్కడితో ముగుస్తుంది), వజారి, యుకో, కోకా. వీటిని కూడకూడదు. పది కోకాలున్నా ఒక్క యుకోకు సాటి రావు, ఎన్ని యుకోలున్నా ఒక్క వజారికి సాటి రావు. అందుకే బోర్డును ఎడమ నుంచి కుడికి చదవాలి. పెద్ద స్కోరు గడిలో తేడా ఉంటే అక్కడే ఫలితం తేలిపోతుంది, చిన్నవి చూడనక్కర్లేదు. రెండు వజారిలు మాత్రం కలిస్తే ఇప్పాన్.

నేల మీద పట్టి ఉంచడానికి అప్పుడు సమయం ఎక్కువ కావాలి. ఇప్పాన్‌కు 30 సెకన్లు, వజారికి 25, యుకోకు 20, కోకాకు 10. ఇప్పుడు ఇప్పాన్‌కు 20 సెకన్లు, వజారికి 10 చాలు. 2025 నుంచి యుకో మళ్లీ వచ్చింది కాబట్టి 5 సెకన్లు పట్టినా యుకో ఇస్తారు. ఈ తేడా చిన్నదేం కాదు. పాత వీడియోలో కింద ఉన్న మనిషి 15 సెకన్లపాటు ఊపిరి కూడగట్టుకుని, తర్వాత నిదానంగా బయటపడటం చూస్తారు. మీరు అలా ఆగితే ఈ రోజు వజారి పోయినట్టే. పట్టు బిగిసిన మొదటి 3 సెకన్లలోనే నడుము తిప్పడం మొదలుపెట్టాలి.

నీలం డ్రెస్సు ఒలింపిక్స్‌కు సిడ్నీలోనే వచ్చింది. బార్సిలోనాలో ఇద్దరూ తెలుపే. ఎవరెవరో తెలియడానికి తమ బెల్టుపైన ఒకరు ఎర్ర పట్టీ, ఒకరు తెల్ల పట్టీ కట్టుకునేవారు. సమయం ముగిసి స్కోరు సమంగా ఉంటే రిఫరీ, ఇద్దరు మూల జడ్జీలు కలిసి విజేతను తేల్చేవారు. ఆ జెండాలు అందుకే. ఇప్పుడు గోల్డెన్ స్కోరు. ఎంతసేపైనా సరే, స్కోరు పడేదాకా, లేదా మూడో షిడో (చిన్న తప్పుకు వేసే శిక్ష) వచ్చేదాకా ఆడాలి. అందువల్ల ‘చివరి నిమిషంలో చురుగ్గా కనిపిస్తే చాలు’ అనే పాత ఎత్తు ఇప్పుడు పనికిరాదు.

కాళ్లు పట్టడం సంగతి జాగ్రత్తగా చదవండి. నిలబడి ఉన్నప్పుడు చేత్తో నడుము కింద పట్టుకోవడాన్ని 2010లో చాలావరకు, 2013లో పూర్తిగా కట్టడి చేశారు. పాత బౌట్లు చూసి రెండు కాళ్లు పట్టి పడేసే త్రోలు అభ్యాసం చేస్తే పోటీలో మీకు స్కోరు రాదు, శిక్ష వస్తుంది. పాత వీడియోల నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. కాళ్లకు ముప్పు ఉన్నందువల్ల అప్పటివాళ్లు అంత నిటారుగా నిలబడేవారు కాదు. త్రో పడగానే విడిచిపెట్టకుండా నేల మీదికి వెంటనే దిగేవారు. ఆ రెండోది నేర్చుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. బరువు 55.5 కిలోలు. పోటీకి ఇంకా 12 రోజులుంది. ‘57లో కష్టం, 52లో అయితే మెడల్ ఖాయం, దించేద్దాం’ అని శిక్షకుడు అంటున్నారు. రాత్రి అన్నం మానేయమన్నారు. ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తమన్నారు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, దించకండి. 57లోనే పేరు ఇవ్వండి.

లెక్క చూడండి. 55.5 నుంచి 52కి అంటే 3.5 కిలోలు, ఆమె ఒంటి బరువులో 6 శాతం పైచిలుకు. పెద్దవాళ్లయినా వారానికి ఒక శాతం మించి తగ్గితే పోయేది కొవ్వు కాదు, నీరు, కండ. 12 రోజుల్లో న్యాయంగా తగ్గగలిగేది కిలోలోపే. మిగతా రెండున్నర కిలోలు చెమట రూపంలో పిండాల్సిందే. ఎదిగే పిల్లకు ఆ పని అసలే వద్దు. ప్లాస్టిక్ జాకెట్ వెంటనే తీసేయించండి. అది చెమటను ఆరనివ్వదు, ఒంటి వేడి దిగదు. మన కోస్తా ఉక్కలో అది వడదెబ్బకు దారి. 1996లో, ఒలింపిక్స్‌కు కొద్ది నెలల ముందు, దక్షిణ కొరియాకు చెందిన ఒక జూడో క్రీడాకారుడు బరువు దించే ప్రయత్నంలోనే చనిపోయాడు. అతను అనుభవం లేనివాడు కాదు, ఆసియా స్థాయిలో ఆడినవాడు.

నీరు తీసేసిన ఒంటితో మ్యాట్ ఎక్కితే మొదట పోయేది గ్రిప్. రెండో నిమిషానికి ముంజేతులు బిగుసుకుపోతాయి, చేతిలోంచి కాలరు జారిపోతుంది. తర్వాత నిర్ణయాలు ఆలస్యమవుతాయి. ఎదుటివాళ్ల కాలు కదిలింది కంటికి కనిపిస్తుంది కానీ ఒళ్లు స్పందించదు. తూకంలో గెలిచి బౌట్‌లో ఓడేది ఇలాగే.

అంతర్జాతీయ పోటీల్లో 2013 నుంచి తూకం ముందురోజే వేస్తున్నారు. రాత్రంతా తిని తాగి బరువు పెంచుకోవచ్చని కొందరు లెక్కలు వేస్తారు. దానికి అడ్డుగా పోటీ ఉదయం చీటీ తీసినట్టు కొందరిని పిలిచి మళ్లీ తూస్తారు. విభాగం హద్దు మీద 5 శాతం మించకూడదు. 52 విభాగానికి అది 54.6 కిలోలు. మీ అమ్మాయి మామూలు బరువే 55.5. అంటే ఆ పద్ధతిలో కష్టపడి దించినా, తెల్లారేసరికి మామూలుగా తిని తాగితే తనిఖీలో దొరికిపోయే అవకాశం ఉంది. తన సొంత బరువుకు తిరిగి రావడానికే వీల్లేని విభాగం తనది కాదు.

పోటీ అయిపోయాక నిదానంగా ఒక పని చేయండి. 7 రోజులపాటు పొద్దున్నే, బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే మిషను మీద, ఒకే రకం పల్చటి బట్టలతో తూచి రాయండి. ఏడింటి సగటే ఆమె అసలు బరువు. నెలసరి ముందు రోజుల్లో ఒకటి రెండు కిలోలు నీటి వల్ల పెరగొచ్చు. ఆ వారం అంకె చూసి తిండి తగ్గించవద్దు. సాధనకు ముందూ తర్వాతా కూడా తూచండి. 600 గ్రాములు తగ్గితే అది చెమట. రాబోయే రెండు మూడు గంటల్లో సుమారు 900 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా తాగించాలి. ఒకేసారి గటగటా తాగితే కడుపు ఉబ్బుతుంది తప్ప ఒంటికి అందదు. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది, ఓఆర్‌ఎస్ కూడా పర్వాలేదు.

రాత్రి అన్నం మాన్పించకండి. సాయంత్రం సాధన చేసి వచ్చిన పిల్లకు ఆ పూట అన్నం, పప్పు, గుడ్డు, పెరుగే మర్నాటి శక్తి. పోటీరోజు మొదటి బౌట్‌కు రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు లాంటివి చాలు. పూరీ, వడ వద్దు. నూనె వస్తువులు కడుపులో ఎక్కువసేపు ఉంటాయి.

ఇంకొక మాట. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే ‘ఆటల వల్ల మామూలే’ అని ఎవరన్నా నమ్మకండి. తిండి చాలడం లేదనడానికి అది ఒక గుర్తు. ఎముకలు బలహీనపడేది కూడా అప్పుడే. వెంటనే డాక్టరుకు చూపించండి.

శిక్షకుడితో గొడవ అక్కర్లేదు. ‘57లో హద్దుకు కిలోన్నర తక్కువే ఉంది, ఎదిగే వయసు, ఇక్కడే ఆడనిద్దాం సార్’ అనండి. మణిపుర్ అమ్మాయి లింథోయ్ చనంబమ్ 2022లో సరయేవోలో ప్రపంచ క్యాడెట్ స్వర్ణం గెలిచింది 57లో. 2025లో ప్రపంచ జూనియర్ కాంస్యం గెలిచింది 63లో. ఎదిగేకొద్దీ విభాగం కూడా పెరగడం సహజం.

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. 63లో ఆడుతున్నాను. ప్రతిసారీ 66 నుంచి దించి దించి విసిగిపోయాను. పియెరాంతోట్సిలా పైకి వెళ్లాలనుంది. 70లో నన్ను ఎత్తి పడేస్తారేమోనని భయం. ఎలా మొదలుపెట్టాలి?
— జూడో క్రీడాకారిణి, హైదరాబాద్

జవాబు: మంచి నిర్ణయం. ముందు 70 అనే అంకెను మరిచిపోండి. విభాగం హద్దు 70 అంటే మీరు 70 ఉండాలని కాదు. 66, 67తోనే మొదటి పోటీ ఆడండి. బరువు దించకుండా, కడుపు నిండా తిని మ్యాట్ ఎక్కడమే మీకు దొరికే మొదటి లాభం. మొదటి పోటీలోనే అది తెలుస్తుంది.

తర్వాత కండ పెంచడం. ఇప్పటికే సాధనలో ఉన్న అమ్మాయికి నెలకు అర కిలో కండ పెరిగితే అది చాలా మంచి వేగం. మూడు కిలోలకు 6 నుంచి 10 నెలలు పడుతుందని అనుకోండి. రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగితే అందులో చాలావరకు కొవ్వే, దాన్ని మోసుకుంటూ ఆడాల్సి వస్తుంది. ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు 1.6 నుంచి 2 గ్రాములు, అంటే మీకు 105 నుంచి 130 గ్రాములు. ఒక్క పూటలో కుక్కకుండా నాలుగుసార్లుగా పంచుకోండి. గుడ్డుకు సుమారు 6 గ్రాములు, అర లీటరు పాలకు 15 పైన. మిగతాది చికెన్, చేప, పప్పు, పెరుగు, శనగలతో వస్తుంది.

వారానికి రెండు రోజులు బరువులు ఎత్తండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ 4 సెట్లు, సెట్టుకు 5 సార్లు. చివరి రెండు కష్టంగా ఉండాలి, కానీ నడుము వంగకూడదు. పుల్‌అప్స్ మామూలు కడ్డీకి కాకుండా, కడ్డీ మీద పాత జూడో జాకెట్ వేలాడదీసి ఆ లాపెల్స్ పట్టుకుని చేయండి. పై విభాగంలో మీకు అందరికన్నా ముందు చాలకుండా పోయేది గ్రిప్పే.

ఇక మ్యాట్ మీద. 70లో వాళ్లు చాలామంది మీకన్నా పొడుగు. మెడ వెనక్కి చెయ్యి వేసి కాలరు పట్టి మీ తల వంచేస్తారు. తల వంగిన మరుక్షణం ఉచిమాతా, హరాయ్‌గోషి లాంటి కాలితో ఊడ్చి పడేసే త్రోలు వస్తాయి. ఆ చెయ్యి పడ్డాక తీయాలని చూడటం ఆలస్యం. వాళ్ల బలమైన చేతి స్లీవ్‌ను అది మీ మెడ దాకా రాకముందే పట్టాలి. రోజూ 10 నిమిషాలు త్రో లేకుండా గ్రిప్ పోరాటమే చేయండి. 20 సెకన్లు పోరు, 20 సెకన్లు విరామం. స్లీవ్ దొరికితే మీ పాయింటు, మెడ మీద చెయ్యి పడితే వాళ్లది.

రెండో ప్రమాదం కౌంటర్లు. 63లో వేగంతో నెగ్గుకొచ్చిన సగం సగం దాడులను 70లో వాళ్లు ఆపి, ఎత్తి పడేస్తారు. ఒసోటోగారికి (ఎదుటివాళ్ల కాలిని బయటివైపు నుంచి కొట్టి వెనక్కి పడేసే త్రో) వెళ్లేటప్పుడు మీ ఛాతీ వాళ్ల ఛాతీకి ఆనకుండా కాలు ఒక్కటే ముందుకు పోతే దాని కౌంటర్ ఒసోటోగాయెషి తప్పదు. ముందు కొఉచిగారితో (కాలిని లోపలివైపు నుంచి లాగే త్రో) వాళ్ల బరువు మడమల మీదికి నెట్టి, ముందుకు తేరుకునే క్షణంలో సెయోయినాగేలోకి (భుజం మీదుగా వేసే త్రో) దిగండి. మోకాళ్ల మీద దిగే సెయోయి అయితే పూర్తిగా తిప్పండి. సగంలో ఆగితే తప్పుడు దాడిగా షిడో వస్తుంది, పైగా మీ వీపు మీద 70 కిలోలు పడతాయి.

నేల మీద పొట్టమీద పడుకుని రిఫరీ ఆపేదాకా ఎదురుచూసే అలవాటు ఉంటే ఇప్పుడే మానండి. బరువైన మనిషి కింద అది పనిచేయదు. ప్రతి సాధనలో 5 సార్లు పూర్తి పట్టు కిందనుంచే మొదలుపెట్టండి. నడుము వంతెనలా లేపి, పక్కకు జరిగి, మోకాలు లోపలికి దూర్చాలి. 10 సెకన్లలోపు బయటపడాలి.

రాండోరిలో, అంటే సాధన బౌట్లలో, మొదటి రెండు నెలలు మూడింట ఒక బౌట్ మాత్రమే పెద్దవాళ్లతో, అదీ సాధన మొదట్లో, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు చేయండి. అలసిపోయాక బరువైన మనిషితో తలపడితే ఇద్దరూ కలిసి కూలేటప్పుడు కాలు కింద ఇరుక్కుని మోకాలి లిగమెంట్ తెగే ముప్పు ఎక్కువ. పై విభాగానికి మారేవాళ్ల కెరీర్లు ఎక్కువగా ఆగేది అక్కడే.

ఇటలీలోనే మీకు తాజా ఉదాహరణ ఉంది. బ్రెష్షాకు చెందిన అలీచే బెల్లాందీ టోక్యో ఒలింపిక్స్‌లో 70లో ఆడి పతకం లేకుండా వెనుదిరిగింది. తర్వాత 78కి మారింది. పారిస్ 2024లో ఇజ్రాయెల్‌కు చెందిన ఇన్బార్ లనీర్‌ను ఫైనల్లో ఓడించి స్వర్ణం, 2025లో బుడాపెస్ట్‌లో ప్రపంచ స్వర్ణం గెలిచింది. టోక్యో నుంచి పారిస్‌కు మూడేళ్లు. మీరు మీకు కనీసం ఏడాదిన్నర ఇచ్చుకోండి.

ప్రశ్న: పియెరాంతోట్సి తర్వాత ఇటలీ అమ్మాయిలు ఏం సాధించారు? ఆ దేశంలో వాళ్లకు జీతం ఎవరిస్తారు?
— పాఠకుడు, డాలస్

జవాబు: మహిళల జూడో పతకాల క్రీడ అయిన 1992 నుంచి పారిస్ దాకా ఒక్క ఒలింపిక్స్‌లో కూడా ఇటలీ మహిళలు పతకం లేకుండా తిరిగి రాలేదు. పియెరాంతోట్సి, స్కాపిన్‌ల తర్వాత 2004లో లూచియా మోరికో 78లో కాంస్యం గెలిచింది. 2008 బీజింగ్‌లో లివోర్నోకు చెందిన జూలియా క్వింతవాల్లె 57లో స్వర్ణం గెలిచింది. ఇటలీ మహిళలకు జూడోలో అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. 2012లో రొసాల్బా ఫోర్చినీతి 52లో కాంస్యం. ఒదెత్ జుఫ్రీదా అదే 52లో రియోలో రజతం, టోక్యోలో కాంస్యం. టోక్యోలోనే 63లో మరియా చెంత్రాక్యో కాంస్యం. చివరికి బెల్లాందీ. మొత్తం 11 పతకాలు, అందులో రెండు స్వర్ణాలు, రెండు రజతాలు.

జీతం సంగతి. ఇటలీలో పోలీసు, సైన్యం, ఆర్థిక పోలీసు దళాలకు సొంత క్రీడా విభాగాలున్నాయి. ఆర్థిక పోలీసుల విభాగం ఫియమ్మె జాల్లె, జాతీయ పోలీసులది ఫియమ్మె ఒరో. క్వింతవాల్లె, బెల్లాందీ ఇద్దరూ ఫియమ్మె జాల్లె వాళ్లే. నియామక ప్రకటన ద్వారా ఎంపికైతే నెలజీతం వస్తుంది, పని గంటలు సాధనకే వెళతాయి, ఆట మానేశాక అదే దళంలో ఉద్యోగం కొనసాగుతుంది. మన రైల్వేలు, పారామిలిటరీ దళాల స్పోర్ట్స్ కోటాకు దగ్గరి ఏర్పాటే. జాతీయ జట్టు సాధన కేంద్రం రోమ్ పక్కన సముద్రతీరాన ఉన్న ఓస్తియాలో ఉంది.

ప్రశ్న: జూడోలో కాంస్యాలు రెండెందుకు?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, కర్నూలు

జవాబు: క్వార్టర్ ఫైనల్లో ఓడిన నలుగురికీ ఇంకో అవకాశం ఇస్తారు. దాన్ని రెపెషాజ్ అంటారు. ఆ నలుగురు రెండు బౌట్లు ఆడతారు. గెలిచిన ఇద్దరు, సెమీఫైనల్లో ఓడిన ఇద్దరితో, డ్రాలో అవతలి సగం నుంచి వచ్చిన వాళ్లతో తలపడతారు. ఆ రెండు బౌట్లలో గెలిచిన ఇద్దరికీ కాంస్యం, ఓడిన ఇద్దరికీ 5వ స్థానం. రెపెషాజ్ మొదటి బౌట్‌లోనే ఓడినవాళ్లకు 7వ స్థానం. అందుకే జూడో ఫలితాల్లో 4, 6 స్థానాలు కనిపించవు. క్వార్టర్స్‌కు ముందే ఓడితే మాత్రం ఇప్పటి నిబంధనల్లో ఆ రోజుకు ఆట ముగిసినట్టే.